పాత చైనా కత్తి పిడికి కొత్త దారం చుట్టవచ్చునా?

పాతలోహం:

నా దగ్గర చింగ్ వంశ పాలన చివరి దశకు, అంటే 19వ శతాబ్దానికి చెందిన ఒంటివాదర కత్తి ఒకటి ఉంది. చైనీయులు ఈ రకాన్ని న్యూవెయ్‌దావ్ అంటారు, ఎద్దుతోక కత్తి అని అర్థం. దీని అలుగు, అంటే పిడి బయటి కోసే భాగం, కొన దగ్గరకు వచ్చేసరికి వెడల్పై, అక్కడినుంచి ఒక్కసారిగా సన్నబడుతుంది. ప్రభుత్వ సైన్యానికి ఇచ్చిన ఆయుధం కాదిది. సాము చేసేవారూ ఊరి కాపలాదారులూ వాడుకున్నది. పిడికి చుట్టిన నూలు నాడా చాలావరకు రాలిపోయింది. పిడి చివరి ఇనుప టోపీ కింద రెండు వేళ్ళ వెడల్పున మాత్రం, చెమటకూ జిడ్డుకూ గట్టిపడి, నీలిమందు రంగు ఇంకా తెలుస్తూ కొంత మిగిలింది.

ఆ మిగిలినదాన్ని విప్పి, పిడి అంతటికీ కొత్త నాడా చుట్టాలని నా ఆలోచన. నా దృష్టిలో పిడిచుట్టు తాటాకింటి కప్పు వంటిది, కప్పు మార్చినంత మాత్రాన ఇల్లు మారదు. వానకు తడిసి, చెమటకు నాని, నూలు కొన్నేళ్ళకే చివికిపోతుంది కనుక, కత్తిని నిజంగా వాడిన మనిషి దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకుని ఉంటాడు. అతను చేసిన పనినే ఈరోజు నేను చేస్తే తప్పెందుకవుతుంది?

భద్రపరిచేచేయి:

మీ పోలికతో నేను ఏకీభవించలేను. తాటాకింటి కప్పు మార్చేవాడు ఆ ఇంట్లో కాపురం ఉంటాడు. మీరు ఈ కత్తితో సాము చేయడం లేదు. వాడకం ముగిసిన వస్తువులో మిగిలేది సాక్ష్యం ఒక్కటే. ఆ రెండు వేళ్ళ నూలులో పురి ఏ వైపు తిరిగిందో, నాడాను ఎన్ని పోగులతో అల్లారో, ఏ రంగులో ముంచారో ఉంది. ఒకసారి విప్పితే ఆ గట్టిపడిన పోగులు పొడిగా రాలుతాయి, వాటిని తిరిగి అతికించే విద్య ఎవరికీ లేదు. 1965లో చైనాలోని హుబెయ్ ప్రాంతంలో ఒక సమాధినుంచి ప్రాచీన యువే రాజ్యపు రాజు గోజ్యాన్ కంచు ఖడ్గం బయటపడింది. అది రెండు వేల నాలుగు వందల ఏళ్ళకు పైబడినది, పిడికి పట్టుదారం చుట్టి ఉండేది. చూడడానికి నిండుగా ఉంటుందని దానికి ఎవరూ కొత్త పట్టు చుట్టలేదు.

పాతలోహం:

గోజ్యాన్ ఖడ్గం విషయంలో మీ మాట నిజం. అయితే నా కత్తి స్థితి వేరు, అది ముందే చెప్పకపోవడం నా పొరపాటు. పిడి కర్ర నిలువునా చీలింది. చుట్టు బిగువుగా ఉన్నంతకాలం అదే రెండు చెక్కలనూ పట్టి ఉంచింది, ఇప్పుడు చేత్తో పట్టుకుంటే చీలిక విచ్చుకుని మూసుకోవడం కంటికి కనిపిస్తోంది. కాబట్టి ఏమీ చేయకుండా వదిలేయడం కూడా వస్తువుపట్ల తటస్థంగా ఉండడం కాదు, దాన్ని మెల్లగా విరగనివ్వడమే.

ఇంకొకటి చూడండి. దారం రాలిన చోట కర్రమీద లేతరంగు గీతలున్నాయి. నాడా కప్పిన చోట కర్ర లేతగా ఉండిపోయింది, కప్పని చోట చేతి జిడ్డుకు నల్లబడింది. ఆ గీతల వెడల్పు ఆరు మిల్లీమీటర్లు. అవి ఒకదాన్నొకటి దాటుతూ డైమండ్ గళ్ళుగా పడ్డాయి. గళ్ళను లెక్కపెట్టి, పాత చుట్టు ఎన్ని మలుపులు తిరిగిందో అట్టమీద గీసుకున్నాను. అంటే నేను ఊహించి చుట్టబోవడం లేదు, కర్ర చెప్పినట్టు చుట్టబోతున్నాను.

గుంటూరు వాసి:

మీ ఇద్దరి వాదనా పిడిచుట్టు చుట్టూనే తిరుగుతోంది కానీ, ఇలాంటి కత్తులకు అసలు ముప్పు మరో చోట ఉంది. అలుగుకు కొనసాగింపుగా పిడిలోకి దిగే ఇనుప తోక చివర, టోపీని దాటి పైకి వచ్చి, అక్కడ సుత్తితో కొట్టి రివిట్టులా అణచి ఉంటుంది. కొత్త దారం చుట్టే సౌకర్యం కోసం ఆ తలను అరగదీసి పిడిని ఊడదీసేవారిని చూశాను. అరిగిన ఇనుము మళ్ళీ పెరగదు. తర్వాత దాన్ని బిగించాలంటే వెల్డింగే దారి. నాడా కొసను సన్నటి వెదురుపుల్లతో టోపీ కిందికి నెట్టవచ్చు. గంట పట్టే పని నాలుగు గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

అలుగు గురించి కూడా ఒక మాట. చాలా చైనా కత్తులు మూడు పొరలవి, మధ్యలో గట్టి ఉక్కు రేకు, రెండు పక్కలా మెత్తటి ఇనుము. తుప్పు తీయించడానికని నేను ఒక కత్తిని ఒక దుకాణంలో ఇచ్చాను. వాళ్ళు గ్రైండర్ పెట్టారు. తిరిగి తెచ్చుకున్నప్పుడు వాదర పొడవునా నీలిరంగు చారలున్నాయి, అంటే ఉక్కు సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాకా కాగి, గట్టిదనం పోగొట్టుకుంది. పొరలు కలిసే గీత, ఆ కత్తి చేసిన కమ్మరి చేతిగుర్తు వంటి ఆ గీత, చాలా చోట్ల పూర్తిగా చెరిగిపోయింది. ఆ కత్తిని ఈరోజుకీ ఒరలోంచి తీయబుద్ధి కాదు. ఎర్రతుప్పును నూనె, సన్నటి నీటికాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) చేత్తోనే తీయాలి. నల్లటి పొర జోలికి పోకూడదు, అది ఇనుముకు రక్షణ. మన ఇళ్ళలో ఇత్తడి బిందెలు తోమే అలవాటుకొద్దీ, పిడికీ అలుగుకూ మధ్య చేతికి రక్షణగా ఉండే అడ్డుబిళ్ళకు చింతపండు పెట్టకండి. ఆ పులుపు సందుల్లోకి దిగి, మనం కడగలేని చోట ఇనుమును తింటుంది.

భద్రపరిచేచేయి:

చీలిక సంగతి విన్నాక నా అభిప్రాయం కొంత మార్చుకుంటున్నాను. కర్రను కట్టి ఉంచడం అవసరమే. అయినా అందుకోసం పాత నూలును విప్పవలసిన పని లేదు. మిగిలిన రెండు వేళ్ళ భాగంమీద పలుచని పట్టుగుడ్డ వేసి, దానిపైనుంచి కొత్త నాడా చుట్టండి. రేపు ఎవరైనా కొత్తది విప్పితే పాతది అక్కడే ఉంటుంది. చీలికలో ఎపాక్సీ జిగురు పోయవద్దు; మన వడ్రంగులు వాడే వజ్రం అనే జిగురు చాలు, గోరువెచ్చని తడికి అది మళ్ళీ వదులుతుంది. కొత్త నాడాకు టీ డికాషన్ పట్టించి పాతదానిలా కనిపించేట్టు చేయడాన్ని మాత్రం నేను ఎప్పటికీ ఒప్పుకోలేను, తర్వాత కొనేవాడిని మోసగించడం అక్కడే మొదలవుతుంది.

పాతలోహం:

పట్టుగుడ్డ వేసి కొలిచి చూశాను. పాతదానిమీద కొత్తది చుడితే టోపీ దగ్గర పిడి లావెక్కుతోంది, చేతితాడు దూర్చడానికి పిడికి అడ్డంగా ఉన్న రంధ్రం సగం మూసుకుపోతోంది. అందుకని అడ్డుబిళ్ళ దగ్గర మొదలుపెట్టి, పాత నూలు అంచుదాకా వచ్చి ఆపేస్తాను. ఆ రెండు వేళ్ళ భాగం పైకి కనిపిస్తూనే ఉంటుంది, నీలిరంగుతో సహా. చీలిక అడ్డుబిళ్ళ వైపే ఉంది కనుక బిగింపుకు అది సరిపోతుంది. నాడా రంగు వేయని తెల్ల నూలుదే, ఏది పాతదో ఏది కొత్తదో పసిపిల్లవాడికైనా తెలియాలి. తోక తలను ముట్టుకోను. వానల్లో కర్ర ఉబ్బి ఉంది, ఇప్పుడు చుడితే ఎండాకాలానికి వదులవుతుంది. సంక్రాంతి దాటాక, కర్ర పూర్తిగా ఆరిందని నమ్మకం కుదిరాక మొదలుపెట్టి, ప్రతి మలుపుకూ ఫొటో తీసి ఇక్కడే పెడతాను.