వైకల్యం ఉన్న పిల్లలే కథను నడిపే తెలుగు పుస్తకం కావాలి

విద్యానగర్‌లో ప్రతి శనివారం 8 నుంచి 10 ఏళ్ల పిల్లలకు కథలు చదివి వినిపిస్తున్నాను. వారిలో ఒక పాప చక్రాల కుర్చీలో వస్తుంది. రెండు నెలలుగా కోఠీ పాత పుస్తకాల దుకాణాల్లోనూ, మా పేట గ్రంథాలయంలోనూ వెతికి, బాలల పత్రికల పాత సంచికలతో కలిపి సుమారు 40 పుస్తకాలు చూశాను. వైకల్యం ఉన్న పాత్ర ఎదురైన ప్రతిచోటా అది జాలి పుట్టించడానికో, పూర్వజన్మ పాపానికి గుర్తుగానో మిగిలిపోవడం, లేదా చివరి పేజీలో ఏ ముని వరంతోనో కాళ్లు రావడం చూసి, ఆ పాప ముందు ఒక్కటీ చదవలేకపోయాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినా, నేను చూసిన కథలు చూపు, నడక దాటి రాలేదు. నన్ను ఎక్కువగా బాధిస్తున్నది ఇదే. వైకల్యం మాయం కాకుండానే తన అల్లరితో, తెలివితో కథను నడిపించే పాపో బాబో ఉన్న, ఇప్పుడు అంగడిలో దొరికే తెలుగు పుస్తకం పేరు ఎవరైనా చెప్పగలరా?