పర్లాకిమిడి చిరునామా, విశాఖ హాస్టలు: పోలీసు సర్టిఫికెట్ ఎక్కడి నుంచి తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. రెండేళ్ళుగా విశాఖపట్నం హాస్టల్లో ఉండి ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతున్నాను. ఖైదీల కుటుంబాలకు అండగా ఉంటూ, ఆ ఇళ్ళలోని స్త్రీలకు క్యాన్సర్ పరీక్షల గురించి అవగాహన కల్పించే ఇంగ్లండు సంస్థ ఒకటి నాకు జూన్ 8 నుంచి 28 రోజుల ఇంటర్న్‌షిప్ ఇచ్చింది (అక్కడ విజిటర్ వీసా మీద స్వచ్ఛంద సేవ 30 రోజులు మించకూడదు). జైలు ములాఖత్ గదిలో తండ్రి కోసం ఎదురుచూసే పిల్లల దగ్గర కూర్చోవలసిన పని కాబట్టి, నేరచరిత్ర లేదని తెలిపే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ తప్పనిసరి. అది న్యాయమైన నిబంధనేనని నేనూ నమ్ముతాను.

మార్చి 3న 500 రూపాయలు కట్టి, పాస్‌పోర్టులో ఉన్న పర్లాకిమిడి చిరునామాతోనే పాస్‌పోర్టు కార్యాలయానికి దరఖాస్తు చేశాను. పోలీసులు విచారణకు వచ్చిన రోజు ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. "అమ్మాయి విశాఖలో చదువుకుంటోందండీ" అని ఉన్నమాట చెప్పింది. ఆ ఒక్క మాటతో "దరఖాస్తుదారు ఈ చిరునామాలో నివసించడం లేదు" అని నివేదిక వెళ్ళి, దరఖాస్తు ఆగిపోయింది. వార్డెన్ ఇచ్చిన పత్రం, నోటరీ అఫిడవిట్, రేషన్ కార్డు నకలు జతచేసి స్టేషనులో అర్జీ ఇచ్చాను. ఒడియాలో కావాలంటే రాయించి మళ్ళీ ఇచ్చాను. పాస్‌పోర్టు కార్యాలయానికి రెండు మెయిళ్ళు పంపాను. 24 రోజులైనా కదలిక లేదు. ఏప్రిల్ 30లోగా సర్టిఫికెట్ సంస్థకు చేరాలి.

సరిహద్దు ఊళ్ళ నుంచి ఆంధ్రకు వచ్చి చదువుకుంటూ ఈ సర్టిఫికెట్ పొందినవారు దయచేసి చెప్పండి: ఈ గడువులో అందాలంటే పర్లాకిమిడిలోనే పునర్విచారణ కోరాలా, విశాఖ హాస్టల్ చిరునామాతో కొత్తగా దరఖాస్తు చేయాలా?