బక్రం ఏ ఊరిది, మైసూర్ పప్పు ఏ ఊరిది?

ప్రశ్న (హనుమకొండ)

నేను హనుమకొండలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఇంట్లో, కిరాణా దుకాణంలో, బట్టల అంగట్లో వినిపించే మాటల్లో ఊరి పేరో దేశం పేరో ఉన్నవాటిని రాసుకొని రమ్మని ఈ నెల ఎనిమిదో తరగతి పిల్లలకు పని ఇచ్చాను. గద్వాల చీర, నారాయణపేట చీర, పోచంపల్లి, కంచి పట్టు, మైసూర్ పాక్, బొంబాయి రవ్వ, ఇరానీ చాయ్ మొదటి రోజే వచ్చేశాయి. వీటిలో ఊరు పైకే కనిపిస్తుంది కనుక చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఊరు లోపలికి ఇంకిపోయి, పైకి ఆనవాలు చిక్కని మాటల దగ్గరే నాకు సాయం కావాలి.

పల్చని నూలు గుడ్డకు వాడే మస్లిన్ అనే మాట మన మచిలీపట్నం నుంచే పుట్టిందని తాతయ్య చెప్పారని ఒక అమ్మాయి రాసింది. ఇంకొక అబ్బాయి మైసూర్ పాక్ పక్కనే మైసూర్ పప్పును చేర్చాడు. తల్లి జాకెట్లు కుట్టే ఒక పిల్ల కాలర్లు, మెడలు నిలబడడానికి లోపల వేసే బిరుసు గుడ్డ, బక్రం, అరచేయంత ముక్క తెచ్చి నా బల్ల మీద పెట్టి, "టీచర్, ఇదీ ఊరి పేరేనా?" అని అడిగింది. ఆ ముక్క ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది. తెలిసినవారు చెప్పగలరా?

జవాబు (వరంగల్, బట్టల వ్యాపారం)

టీచర్ గారికి నమస్కారం. మా అంగట్లో లైనింగ్ గుడ్డలు, బక్రం, శాటిన్ అమ్ముతాము కాబట్టి ఈ మాటల పుట్టుక మీద నాకు మొదటి నుంచీ ఆసక్తి ఉంది.

ముందు మస్లిన్ సంగతి చెబుతాను. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టోలమీ మన కృష్ణా తీరాన్ని మైసోలియా అన్నాడు. మచిలీపట్నానికి మసూలా అనే పేరూ ఉండేది. అక్కడి నుంచి సన్నని నూలు బట్టలు ఓడలెక్కిన మాటా నిజమే. ఆ తాతయ్య గారి ఊహకు కారణం ఇదే అయి ఉంటుంది. అయితే ఆ మాట ఇంగ్లీషులోకి ఫ్రెంచి, ఇటాలియన్ భాషల మీదుగా వచ్చింది, ఆ దారి పట్టుకొని వెనక్కి వెళితే మనం చేరేది ఇరాక్‌లోని మోసుల్ నగరానికి. అక్కడ తయారయ్యే పట్టు, జరీ బట్టలను మోసులిన్ అంటారని 13వ శతాబ్దపు యాత్రికుడు మార్కో పోలో రాశాడు. అంటే ఆ పేరు మొదట ఉన్నది మనం ఎరిగిన పల్చని నూలు గుడ్డకు కాదు. పేరు అలాగే ఉండిపోయింది, గుడ్డ మారింది, చివరికి ఢాకా నేతగాళ్ల పనితనానికి మోసుల్ పేరు స్థిరపడింది.

బక్రం కథ మనకు ఇంకా దగ్గరిది. ఈ మాట మధ్య ఆసియాలోని బుఖారా నగరం పేరు నుంచి వచ్చిందని నిఘంటుకారులు చాలామంది భావిస్తారు. ఇప్పుడు బక్రం అంటే కాలరు లోపల, జాకెట్టు మెడ చుట్టూ నిలబడడానికి వేసే బిరుసు గుడ్డ. మధ్యయుగాల్లో మాత్రం అది చాలా నాణ్యమైన, సన్నని బట్టకు పేరు. మార్కో పోలో తన గ్రంథంలో ముత్ఫిలి అనే రాజ్యాన్ని వర్ణించాడు. అది కాకతీయుల రేవుపట్నం మోటుపల్లి. గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించి, ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును ఇకపై రాజు జప్తు చేయడని, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటాడని విదేశీ వర్తకులకు మాట ఇచ్చినది అక్కడే. పోలో ఆ దేశాన్ని ఏలే రాణిని మెచ్చుకొని, అక్కడి బక్రం సాలెగూడంత సన్నగా ఉంటుందని, ఏ రాజైనా రాణి అయినా సంతోషంగా ధరించదగినదని రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవి. మీ విద్యార్థిని తెచ్చిన ముక్క ఏ ఊరిదైనా కావచ్చు గాని, ఆ మాట మాత్రం ఒకప్పుడు ఓరుగల్లు ఏలుబడిలోని నేతను పొగడడానికి వాడినదని ఆమెకు తప్పకుండా చెప్పండి.

శాటిన్ చైనాలోని జైతూన్ రేవు పేరు. ఇప్పుడు దాన్ని చ్వాన్‌జౌ అంటున్నారు. డెనిమ్ ఫ్రాన్సులోని నీమ్ పట్టణం నుంచి, జీన్స్ ఇటలీలోని జెనోవా నుంచి వచ్చాయి. జార్జెట్‌ను మాత్రం పిల్లలు ఊరని రాస్తే దిద్దండి, అది బట్టలు కుట్టే ఒక ఫ్రెంచి మహిళ పేరు.

జవాబు (కరీంనగర్, కిరాణా దుకాణం)

మైసూర్ పప్పును ఆ పట్టిక నుంచి తీసేయండి టీచర్ గారూ. మైసూర్ పాక్‌లోని మైసూరు నిజంగా ఊరే, ఆ మిఠాయి పుట్టింది అక్కడి రాజుగారి వంటశాలలోనే. పప్పులో ఉన్నది సంస్కృతంలోని మసూరము, హిందీలో మసూర్. చెవికి మసూర్ కొత్తగా తోచినప్పుడు మన నోరు దాన్ని తెలిసిన ఊరి పేరుకు దగ్గరగా జరిపింది. మా దుకాణంలో సంచి మీద మసూర్ దాల్ అని ఉంటుంది, అడిగేవారు మైసూర్ పప్పు అంటారు, చీటీ మీద నేనూ అలాగే రాస్తాను. సోనా మసూరి, సాంబ మసూరి బియ్యాలకూ ఈ చిక్కే ఉంది. అందులో ముస్సోరీ పట్టణం లేదు, మసూర్ పప్పూ లేదు. మలేషియాలో తయారైన మహ్సూరి అనే వరి వంగడం పేరు అది; బాపట్లలో దాని సంతతి నుంచి తీసినదే 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి.

తీపి వైపు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మనం శక్కర అనేది సంస్కృత శర్కర నుంచి వచ్చింది గాని, హిందీ ఉర్దూల్లో దానినే చీనీ అంటారు, అంటే చైనాది. పటికబెల్లాన్ని మిశ్రీ అంటారు, మిస్ర్ అంటే ఈజిప్టు. చెరకు మన నేల మీద పండుతుంటే దాని తెల్లని రూపాలకు రెండు పరాయి దేశాల పేర్లు పెట్టుకున్నాం.

బండి మీద పళ్లు అమ్మే ఆయన బత్తాయిలు అంటాడు, పక్కనే రసం తీసే ఆయన అదే పండును మొసంబి అంటాడు. మొసంబి ఆఫ్రికాలోని మొజాంబిక్. బత్తాయిలో డచ్చివారి బటావియా ఉంది, ఇప్పటి జకార్తా అదే. బెంగాలీలు పంపరపనసను బాతాబి అనడమూ ఆ ఊరి పేరుతోనే. రాయలసీమలో ఇదే బత్తాయిని చీనీకాయ అంటారు. నల్లగొండ తోటలో కోసిన ఒక్క పండుకు మూడు విదేశీ నామాలు!

జవాబు (వరంగల్, కొత్తవాడ)

టీచర్ గారూ, ఊరు పైకి కనిపించే మాటల్లో చెప్పడానికి ఏమీ లేదన్న మీ వాక్యంతో నేను ఏకీభవించలేను. మాది జంపఖానాలు నేసిన ఇల్లు. మగ్గం దగ్గర మా నాన్న ఏనాడూ "వరంగల్ జంపఖానా" అనలేదు. ఆయనకు అది జంపఖానా, లేదా శత్రంజీ, అంతే. వరంగల్ అనే మాట కొనేవాడు పెట్టింది. 1851లో లండన్ ప్రదర్శనకు మన తివాచీలు వెళ్లినప్పుడు ఆ పేరు అక్కడ అవసరమైంది, 2018లో వరంగల్ దుర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మళ్లీ అవసరమైంది. నిజామాబాద్ జిల్లా అంకాపూర్‌లో వండేది నాటుకోడి కూర. అది హైదరాబాద్ రోడ్డు మీద బోర్డు ఎక్కాక అంకాపూర్ చికెన్ అయింది.

ఊరి పేరు సరుకు అమ్ముడుపోయిన దారిని చెబుతుంది, నేసిన చేతులను ఒక్కోసారి దాచేస్తుంది కూడా. పుట్టపాకలో, కొయ్యలగూడెంలో నూలును ముడులు కట్టి రంగులో ముంచి చిటికీ వేసిన చీర పోచంపల్లి పేరుతోనే అంగడికి వస్తుంది. పై జవాబులో ఢాకా నేతకు మోసుల్ పేరు స్థిరపడిందన్నారు. జైతూన్, బటావియా రెండూ సరుకు ఎక్కిన రేవులే. పిల్లలను గద్వాల చీర అని రాసి వదిలేయనివ్వకండి. ఆ చీర ఏ ఊళ్లో నేశారో, ఆ ఊళ్లో దాన్ని ఏమంటారో కూడా అడిగి రాయమనండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

ముగ్గురికీ కృతజ్ఞతలు. కొత్తవాడ నుంచి రాసిన అన్నగారు నా వాక్యాన్ని సరిగ్గానే పట్టుకున్నారు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. పట్టికలో రెండు గళ్లు పెంచాను: ఎక్కడ తయారైంది, తయారుచేసేవారు దాన్ని ఏమంటారు. మైసూర్ పప్పును తీసేయకుండా, ఊరు కాని ఊరు అనే శీర్షిక కింద మసూరి బియ్యంతో కలిపి ఉంచుతాను, ఎందుకంటే ఆ అబ్బాయి పొరపాటు నుంచే తరగతికి ఎక్కువ తెలుస్తుంది. సోమవారం బక్రం ముక్కను ఆ పిల్లకు తిరిగి ఇచ్చి, మోటుపల్లి ఎక్కడుందో పటంలో తననే చూపించమంటాను.