అబ్బాయి కాలేజీ ఫుట్‌బాల్ కోచింగ్‌లోకి వెళ్తానంటున్నాడు, ఆ లైన్ తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మేముండేది డాలస్ దగ్గర. మా అబ్బాయి డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాడు. అమెరికన్ ఫుట్‌బాల్ హైస్కూల్లోనే ఆడాడు, కాలేజీలో మాత్రం టీమ్‌కి వీడియోలు తీస్తుంటాడు. ఇంటికొచ్చినా అర్ధరాత్రి దాకా ఒకే ఆటని వెనక్కీ ముందుకీ తిప్పుతూ, ముందు వరసలో నిలబడే ఆటగాడు (లైన్‌మన్) మొదటి అడుగు ఎటు పడిందో నోట్‌బుక్కులో రాసుకుంటాడు. ఇప్పుడు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరి, మాస్టర్స్ చేస్తూ కోచింగ్ నేర్చుకుంటాడట.

ఆ తర్వాత ఒక్కో స్థానం ఆటగాళ్లకి నేర్పే పొజిషన్ కోచ్, ఆపైన అఫెన్సో డిఫెన్సో మొత్తం చూసుకునే కోఆర్డినేటర్ అని విన్నాను. పేరుమోసిన కాలేజీ కోచ్ నిక్ సేబన్ కూడా 1973లో కెంట్ స్టేట్ యూనివర్సిటీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గానే మొదలుపెట్టారు. తర్వాత క్లెమ్‌సన్ యూనివర్సిటీ హెడ్ కోచ్ అయిన డాబో స్విన్నీ సంగతి చదివాకే నాకు టెన్షన్ పట్టుకుంది. అలబామా యూనివర్సిటీలో హెడ్ కోచ్ ఉద్యోగం పోతే, ఆయన కింద కోచ్‌గా ఉన్న స్విన్నీ ఉద్యోగమూ పోయింది. కొన్నాళ్లు రియల్ ఎస్టేట్‌లో పనిచేసి, 2003లో క్లెమ్‌సన్‌లో చేరారు. అందరికీ అలా కలిసొస్తుందా? మా ఆవిడైతే "సాఫ్ట్‌వేర్ వాళ్లని మాత్రం తీసెయ్యట్లేదా" అంటోంది. అదీ నిజమేననుకోండి.

కాలేజీలో ఆడనివాళ్లని గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా తీసుకుంటారా? చిన్న యూనివర్సిటీల్లో కూడా ఫీజు మాఫీ, స్టైపెండ్ ఇస్తారా? జనవరిలో జరిగే కోచ్‌ల కన్వెన్షన్‌కి తెలిసినవాళ్లెవరూ లేకుండా వెళ్తే ఎవరైనా పలకరిస్తారా? ముందు టీచర్ సర్టిఫికెట్ తీసుకుని టెక్సాస్ హైస్కూల్లో కోచ్‌గా చేరితే, అక్కణ్ణుంచి కాలేజీకి మారడం కష్టమా? మీ ఇంట్లో ఎవరైనా ఈ పనిలో ఉంటే, సీజన్‌లో వారమంతా ఎలా గడుస్తుందో కాస్త వివరంగా రాయండి.