కండ తగ్గడం ఆల్జీమర్స్‌కు తొలి సూచనేనా?

పెద్దమ్మాయి: 2024 డిసెంబరులో షికాగోలో జరిగిన రేడియాలజీ సమావేశంలో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు చెప్పిన విషయమిది. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించడం; దానికి ముఖ్య కారణం ఆల్జీమర్స్) లేని 621 మంది వృద్ధుల ఎమ్మారైలలో కణత దగ్గరి కండరాన్ని కొలిచి, దాదాపు ఆరేళ్ళు గమనించారు. కండ తక్కువగా ఉన్నవారిలో డిమెన్షియా ముప్పు సుమారు 60 శాతం ఎక్కువ. మా అమ్మ కణతలు గుంటలు పడ్డ రెండేళ్ళకు పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచిపోవడం మొదలైంది. కణతలు చూపిస్తే డాక్టరు 'వయసండీ' అని పంపించేశారు. ఇది తొలి సూచనని ఎవరూ ఎందుకు చెప్పరు?

లెక్కల మాస్టారు: ముప్పు వేరు, సూచన వేరు. షుగరు, థైరాయిడ్, దిగులు, మంచం పట్టడం, వీటన్నిటితోనూ కండ కరుగుతుంది. మా నాన్నగారు పళ్ళు ఊడాక మజ్జిగన్నంతోనే బతికారు, ఎముకల గూడయ్యారు. చివరి రోజు వరకు ఎక్కాలు తప్పలేదు.

కావేరి: మా అత్తగారికి కండ ఉంది. అయినా ఆల్జీమర్స్ వచ్చింది.

పెద్దమ్మాయి: మీ నాన్నగారి ఒక్కరి సంగతితో 621 మందిని తీసిపారేస్తారా? 2009లో షికాగోలోనే రష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 970 మంది చేతుల, కాళ్ళ బలం కొలిచారు. సగటున 3.6 ఏళ్ళలో 138 మందికి ఆల్జీమర్స్ వచ్చింది. బలమున్నవారికి ముప్పు తగ్గింది.

లెక్కల మాస్టారు: ఏది ముందు? మెదడులో జబ్బు లక్షణాలకు ఎన్నో ఏళ్ళ ముందే మొదలవుతుంది. అప్పుడే ఆకలి, నడక తగ్గి కండ కరిగితే అది ఫలితం, కారణం కాదు.

పెద్దమ్మాయి: కారణమని నేనెక్కడ అన్నాను? ఫలితమైతేనే కదా సూచన అయ్యేది!

ఫిజియో: చేతి పట్టు కొలిపించండి. ఆసియాలోని వృద్ధులలో మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోల కన్నా తక్కువైతే బలహీనత కింద లెక్క. దానితోనే ఆల్జీమర్స్ అని తేల్చకూడదు.

లెక్కల మాస్టారు: సూచన, సూచన అనకండి. మా ఆవిడ గాజులు జారిపోతుంటే కంసాలి దగ్గర చిన్నవి చేయించాను. ఏడాదిన్నరకు ఆల్జీమర్స్ అన్నారు. మీ లెక్కన నేను కళ్ళుండీ చూడలేదు!

పెద్దమ్మాయి: మాస్టారూ, నా కోపం ఆ డాక్టరు మీద, మీ మీద కాదు. ముందే తెలిస్తే అమ్మను అడగవలసినవి అడిగేదాన్ని.

లెక్కల మాస్టారు: ఆ ఏడాదిన్నరలో మేము కాశీ వెళ్ళాం. తెలిసి ఉంటే ప్రతి రోజూ భయంతోనే గడిచేది. నాకు వద్దు.

పెద్దమ్మాయి: మీకు వద్దు, సరే. ఆవిడకు తెలుసుకోవాలని ఉండేదేమో.