పార పట్టిన మొదటి రోజే నడుం పట్టేసింది: పెరటి పని ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న (అమలాపురం దగ్గరి పల్లె నుంచి)

అందరికీ నమస్కారం. 31 ఏళ్లు బ్యాంకులో కుర్చీకి అతుక్కుని పని చేసి, నిరుడు పదవీ విరమణ పొంది, అమ్మానాన్నలు ఉన్న పాత ఇంటికి వచ్చేశాను. ఇంటి వెనుక 20 సెంట్ల పెరడు, అందులో తొమ్మిది కొబ్బరి చెట్లు, ఒక పనస, రెండు అరటి గుబుర్లు ఉన్నాయి. తొలకరి పడిన మర్నాడు నేల మెత్తబడింది కదా అని తెల్లవారుజామున లేచీ లేవగానే పార పట్టుకుని కొబ్బరి పాదులు తవ్వడం మొదలుపెట్టాను. నాలుగో పాదు దగ్గర, పారకు అంటుకుని వచ్చిన మట్టిని పక్కకు విసురుతుండగా నడుం కలుక్కుమంది. ఆ తర్వాత మూడు రోజులు వంగి చెంబు అందుకోలేకపోయాను.

ఇంట్లోవాళ్లు కూలి మనిషిని పెట్టుకోమంటున్నారు. నాకు మాత్రం ఆ చెట్ల పని నా చేతులతోనే చేసుకోవాలని ఉంది. పైగా షుగరు ఉన్నందున డాక్టరు గారు రోజూ ఒళ్లు కదిలించమన్నారు. ఈ పని వ్యాయామం కిందికి వస్తుందా? 60 దాటినవాడు దెబ్బ తగలకుండా దీన్ని ఎలా చేయాలి?

మొదటి జవాబు (కాకినాడ, ఫిజియోథెరపిస్టు)

తప్పకుండా వస్తుందండి. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఊపిరి కాస్త వేగం అందుకునేలా తవ్వడం, ఊడ్వడం, నీళ్లు మోయడం అందులోకే వస్తాయి. కానీ మీరు ఆ వారం శ్రమనంతా ఒక్క పొద్దుటే చేయబోయారు.

మీ ప్రశ్నలో నన్ను ఆపింది ‘లేచీ లేవగానే’ అన్న మాట. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బి ఉంటాయి కాబట్టి, నిద్ర లేచిన మొదటి గంటలో బాగా వంగితే వాటి మీద ఒత్తిడి మామూలు కంటే ఎక్కువగా పడుతుంది. మన దగ్గర ఎండకు భయపడి అందరం తెల్లవారుజామునే పని మొదలుపెడతాం. అది సరైనదే, పని వరుస మాత్రం మార్చుకోవాలి. ముందు నిటారుగా నిలబడి చేసే పనులు, అంటే పొడుగు పుల్ల చీపురుతో ఆకులు ఊడ్వడం, పైపుతో మొక్కలు తడపడం, పెరడంతా ఒకసారి తిరిగి చూసుకోవడం చేయండి. పార ఆ తర్వాతే పట్టండి.

రెండో తప్పు విసరడంలో జరిగింది. తడిసిన ఒండ్రుమట్టి పారను వదలదు. పొడి మట్టి కంటే ఎంతో బరువు తూగుతుంది. పాదాలు కదపకుండా, వంగిన నడుమును మెలితిప్పి ఆ బరువును విసిరితే దెబ్బ అక్కడే తగులుతుంది. మట్టి ఎటు పడాలో పాదాలను అటు తిప్పి, మోకాళ్లు కొద్దిగా వంచి, పారను ఒంటికి దగ్గరగా ఉంచుకుని, సగం మట్టి మాత్రమే ఎత్తండి. వాన వెలిసిన మర్నాడు కాకుండా, మట్టి పిడికిట పట్టి వదిలితే పొడిపొడిగా రాలే రోజున తవ్వితే ఈ బాధ సగం తప్పుతుంది. మొదటి వారం రోజుకు ఒక్క పాదు చాలు.

నొప్పి కాలిలోకి పాకినా, కాలు తిమ్మిరెక్కినా, బలహీనపడినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి. మూత్రం ఆగిపోతే గంటలు కూడా వృథా చేయకూడదు.

రెండో జవాబు (కడియం, నర్సరీ పని)

బాబాయి గారూ, మాకు రోజంతా వంగి చేసే పనే. ఒకే పనిని అరగంటకు మించి సాగనివ్వం. కలుపు తీసేవాళ్లం లేచి కుండీలు సర్దుతాం, మళ్లీ వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంటాం. నీళ్లు మోసేటప్పుడు 15 లీటర్ల బకెట్టు ఒక చేత్తో పట్టుకుంటే ఒళ్లు ఒక పక్కకు ఒరిగిపోతుంది. అదే నీటిని రెండు చిన్న బకెట్లలో రెండు చేతులా పట్టుకుంటే నడుం నిటారుగా ఉంటుంది. పూర్వం కావడిలో ఉన్న కిటుకు కూడా ఇదే.

మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుందే తప్ప ఆరదు, ఒళ్లు చల్లబడదు. తొమ్మిదయ్యేసరికి నీడకు వచ్చేయండి. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్య మజ్జిగ తాగుతూ ఉండండి.

మూడో జవాబు (భీమవరం, నర్సు)

చెప్పులు లేకుండా తడి మట్టిలోకి దిగకండి. షుగరు ఉన్నవారికి అరికాలి గాయం వెంటనే తెలియకపోవచ్చు, త్వరగా మానదు కూడా. ఎలుకల మూత్రం కలిసిన బురద నుంచి, పగుళ్ల ద్వారా ఎలుక జ్వరం సోకుతుంది. అందుకని బూట్లు వేసుకోండి, పని అయ్యాక పాదాలు సబ్బుతో కడిగి, వేళ్ల సందుల దాకా చూసుకోండి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి.

రాలిన కొబ్బరి మట్టల కుప్పలో నేరుగా చేయి పెట్టకుండా ముందు కర్రతో కదిలించండి. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పే పుట్టదు. కాటు పడిందన్న అనుమానం ఉన్నా కోయడం, బిగించి కట్టడం చేయకుండా, ఆ అవయవాన్ని కదపకుండా ఉంచి 108కి ఫోను చేయండి.

అడిగినవారి మాట, పది రోజుల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. నొప్పి పూర్తిగా తగ్గాక నిన్న ఒక్క పాదు తవ్వాను. ముందు గంటసేపు ఊడ్చి, నీళ్లు పెట్టి, ఆ తర్వాత పార పట్టాను. విసిరే ప్రతిసారీ పాదాలు తిప్పడం మొదట్లో చేతకాలేదు; పదిసార్లు అయ్యాక కుదిరింది. ఈ పొద్దున నడుం పట్టలేదు. ఇంకా ఐదు పాదులు ఉన్నాయి, రోజుకొకటి చొప్పున చేస్తాను.