నాలుగైదేళ్ల పిల్లోళ్లకు అంకెల ఆట: అట్ట మీద గళ్లు ఎన్ని ఉండాల?

బొమ్మలపెట్టె, కడప
అంగన్‌వాడీకి అంకెల ఆట తయారు చేస్తాండా. వైకుంఠపాళి మాదిరి నూరు గళ్లు, మామూలు పాచిక, పావులకు నీళ్లసీసా మూతలు, గళ్ల నిండా నెమళ్లు, ఏనుగులు. పిల్లోళ్లు పావును యాడికంటే ఆడికి జరిపి, సగం ఆటకే లేచిపోతాండారు. అచ్చుకిచ్చేలోగా ఏం మార్చాల?

గచ్చుబడి, అనంతపురం
ఆ వయసుకు 1 నుంచి 10 దాకా, ఎడమ నుంచి కుడికి ఒకే వరుస చాలు. వైకుంఠపాళిలో 10 దాటగానే పైకెక్కి వెనక్కి నడవాలి, పిల్లలు తప్పేది అక్కడే. మనస్తత్వ శాస్త్రవేత్తలు గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన పరిశోధనలో పదిగళ్ల ఆటే ఆడించారు. నాలుగు విడతలు ఆడించేసరికి అంకెలు గుర్తుపట్టడం, రెండింట్లో ఏది పెద్దదో చెప్పడం మెరుగైంది. అంకెల బదులు రంగుల గళ్లతో ఆడినవాళ్లలో ఆ మార్పు రాలేదు.

అన్నిటికన్నా ముఖ్యం, జరిపేటప్పుడు నోటితో ఏమంటున్నారన్నది. 4లో ఉన్న పావుకు రెండు పడితే "ఒకటి, రెండు" కాదు, "ఐదు, ఆరు" అనాలి. లేకుంటే గడిలోని అంకెను చూడనే చూడరు. పిల్ల ఆగిపోతే మీరు గడిని వేలితో చూపి, తనతో కలిసి అనండి.

అట్టముక్క, ప్రొద్దుటూరు
ఏ3 అట్ట పొడవు 42 సెం.మీ. గడి వెడల్పు 4 పెడితే పదింటికి 40, అంచులకు చెరొకటి. ఎత్తు 9 ఉంచండి. చదరంగా గీస్తే ఒకే గడిలో రెండు పావులు పట్టక ఒకటి పక్కగడిలోకి పోతుంది. మొదలుకు గడి అక్కర్లేదు, పావులు అట్ట బయట ఎడమపక్క పెట్టించండి. మెరిసే లామినేషన్ మీద పావులు జారతాయి, మ్యాట్ వేయించండి.

మామూలు పాచికతో రెండు ఆరులు పడితే ఆట అయిపోతుంది. 4 సెం.మీ. చెక్కదిమ్మ తీసుకుని మూడు ముఖాల మీద ఒక చుక్క, మూడింటి మీద రెండేసి పెట్టండి. ఒక్కొక్కరికి సుమారు ఏడు వంతులు వస్తాయి.

సీసా మూతలు, గవ్వలు, చింతగింజలు వద్దే వద్దు. అంగన్‌వాడీలో మూడేళ్ల లోపు పిల్లలూ తిరుగుతారు. బొమ్మల భద్రత పరీక్షకు వాడే 31.7 మి.మీ. వ్యాసమున్న గొట్టంలో పట్టే వస్తువేదైనా వాళ్ల గొంతుకు అడ్డం పడొచ్చు. 3.5 సెం.మీ. చెక్కబిళ్లలు చేయించండి.

బొమ్మలపెట్టె, కడప
సంతోషం సార్. బొమ్మలు మొత్తం తీసేయాల్నా?

గచ్చుబడి, అనంతపురం
అక్కర్లేదు. 3 గడిలో ఒకే నెమలి ఉంటే పిల్ల దాన్ని చూసి "ఒకటి" అంటుంది. 3 కింద మూడు చెనక్కాయలు, 7 కింద ఏడు గీయించండి. ఐదు దాటితే ఐదొక వరుస, మిగిలినవి దాని కింద. కాయ విప్పి గింజలు చూపొద్దు, గింజలు లెక్కపెడతారు.

అచ్చుకు ముందు గచ్చు మీద సుద్దముక్కతో ఇవే గళ్లు గీసి ఇద్దరిద్దరిని ఆడించండి. నలుగురిని కూర్చోబెడితే వంతు వచ్చేలోగా లేచిపోతారు.